అడిగేవాళ్లుంటే ఇచ్చేవాళ్లున్నారు

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున, అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో ఉంది. విశాఖపట్నానికి అరవై కిలోమీటర్ల పైమాట. లక్క బొమ్మల ఊరుగా అందరికీ తెలిసిందే. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగాయి. ఈ ఊళ్లో బండి తీసినవాడు కాసేపట్లో పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కుతాడు. కలకత్తా, మద్రాసుల మధ్య తిరిగే లారీలన్నీ ఆ దారినే పోతాయి. అక్కడ హెల్మెట్ లేని తలకు దెబ్బ తగిలితే ముందు దగ్గర్లోని ఆసుపత్రి, అక్కణ్నుంచి అనకాపల్లి, అక్కడా లాభం లేదంటే విశాఖ కేజీహెచ్‌కో ప్రైవేటుకో రాసి పంపిస్తారు. రెండు మూడు రోజులు వెంటిలేటర్. ఆపైన డాక్టరుగారు బయటికొచ్చి బ్రెయిన్ డెడ్ అంటారు. అవయవదానం గురించి జరగాల్సిన మాటంతా అప్పటినుంచి కొద్ది గంటల్లో జరగాలి. ఆ మాట ఎవరు ఎత్తాలి? అసలు ఎత్తే పని లేకుండా, వద్దని రాసివ్వలేదు కాబట్టి ఇచ్చినట్టే అనుకోవచ్చా?

అనుకోవచ్చు అనేదే ఆప్ట్ అవుట్ పద్ధతి. ఇప్పుడు మనకున్నది దానికి తిరగేసి: బతికుండగా ఇస్తానని రాసినవాళ్లో, పోయినవారి తరఫున ఇంట్లోవాళ్లో ఒప్పుకుంటేనే తీసుకుంటారు. ఆప్ట్ అవుట్ వస్తే వద్దని నమోదు చేసుకోని ప్రతి మనిషీ దాతే. దాన్ని కోరేవాళ్ల బాధ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 2023లో దేశం మొత్తం మీద జరిగిన అవయవ మార్పిడులు 18,378. చనిపోయాక ఇచ్చిన దాతలు మాత్రం 1,099 మంది; వెయ్యి దాటడం అదే మొదటిసారి. పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరన్నమాట. మిగతావన్నీ బతికున్నవాళ్లు కోయించుకుని ఇచ్చిన కిడ్నీలు, కాలేయం ముక్కలు. ఉత్తరాంధ్రలోనే కిడ్నీ జబ్బులు ముసిరిన ఉద్దానం ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ కుర్చీ ఊరికి దగ్గరైంది. కిడ్నీ మాత్రం ఎక్కణ్నుంచి రావాలో అక్కణ్నుంచే రావాలి.

ఈ వాదనకు బలం ఇచ్చిన పరిశోధన 2003లో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు 'సైన్స్' పత్రికలో రాసింది. జర్మనీలో దాతలుగా సమ్మతించినవాళ్లు 12 శాతం, పక్కనే ఉన్న ఆస్ట్రియాలో 99.98 శాతం. మాట్లాడే భాష ఒకటే, సంస్కృతీ ఇంచుమించు ఒకటే. తేడా అల్లా ఫారం మీద గడి ఎటు ఉందన్నదే. చూసినవాళ్లెవరైనా సంబరపడే లెక్క ఇది. కాకపోతే అది కాగితం మీది సమ్మతి లెక్క. ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చిన దాతల లెక్క వేరు, అందులో తేడా ఇంత లేదు. ఆస్ట్రియాలో దాదాపు నూటికి నూరుగురు దాతలవడం అంటే వాళ్లంతా ఆలోచించి ఇచ్చారని అనుకోనక్కరలేదు. ఎవరూ ఏమీ అనలేదు, అంతే.

అందుకే స్పెయిన్ దగ్గర కాసేపు ఆగాలి. ఆప్ట్ అవుట్ అనగానే అందరూ చూపించేది స్పెయిన్‌నే. ఆ దేశం 1979లోనే వద్దనకపోతే దాతే అని చట్టం చేసింది. తర్వాత పదేళ్లు దాతల సంఖ్యలో చెప్పుకోదగ్గ కదలిక లేదు; 1989లో పది లక్షలకు 14 దగ్గర ఉంది. ఆ ఏడాది జాతీయ మార్పిడి సంస్థ పెట్టి రఫాయెల్ మతేసాన్స్ అనే కిడ్నీ వైద్యుణ్ని దాని మీద కూర్చోబెట్టారు. ఆయన చట్టం జోలికి పోలేదు. ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఒక కోఆర్డినేటర్‌ను పెట్టాడు. ఆ కోఆర్డినేటర్ ఎక్కువచోట్ల ఐసీయూలో పనిచేసే డాక్టరే. తలకు దెబ్బతో ఎవరు చేరినా ఆ మనిషికి తెలుస్తుంది. చావుకబురు ఎలా చెప్పాలో, దానం మాట ఎంతసేపటికి ఎత్తాలో శిక్షణ ఇప్పించాడు. బ్రెయిన్ డెడ్ అయిన ప్రతి కేసునూ వెనక్కి తిరిగి చూసి, ఎక్కడ చేజారిందో లెక్క కట్టే పద్ధతి పెట్టాడు. 2023 నాటికి ఆ 14 కాస్తా 49కి దగ్గరైంది, ప్రపంచంలో మొదటి వరస. చట్టంలో రాసి ఉన్నా సరే, అక్కడ ఇవాళ్టికీ ఇంట్లోవాళ్లను అడగందే కత్తి పెట్టరు. మా విజయానికి కారణం ఆ చట్టం కాదని మతేసాన్స్ ఎన్నోసార్లు చెప్పాడు. వినేవాళ్లే తక్కువ. చట్టం చేయడం ఒక్కరోజు పని, కోఆర్డినేటర్లకు జీతాలు నెలనెలా ఇవ్వాలి మరి.

బ్రిటన్ అనుభవం ఇంకా కొత్తది. వేల్స్ 2015 డిసెంబరు 1న ఆప్ట్ అవుట్‌లోకి వెళ్లింది, అక్కడ కొన్నేళ్లపాటు కుటుంబాల ఒప్పుకోలు పెరిగింది. చిన్న దేశం, ఏళ్ల తరబడి ఇంటింటికీ ప్రచారం చేశారు. ఇంగ్లండ్ 2020 మే 20న మారింది, అదీ కోవిడ్ మధ్యలో. చట్టం వచ్చాక అక్కడ ఒప్పుకునే కుటుంబాల శాతం పెరగకపోగా తగ్గింది. కారణం వింతేం కాదు. మనిషి బతికుండగా ఇస్తానని సంతకం చేసి ఉంటే ఇంట్లోవాళ్లకు ఆయన మనసు తెలుస్తుంది. ఏమీ అనకుండా పోతే, చట్టం ఇచ్చినట్టే అన్నా, ఆయనకు ఇష్టమో కాదో ఎవరికి తెలుసని వెనక్కి తగ్గుతారు. బ్రెజిల్ 1997లో చట్టం చేసి, దాత కాని వాళ్లు గుర్తింపు కార్డు మీద ఆ మాట వేయించుకోవాలంది. జనం భయపడిపోయారు, డాక్టర్లూ ఎదురు తిరిగారు, మరుసటేడాదికే వెనక్కి తీసుకున్నారు. సింగపూర్ 1987 నుంచి నడుపుతోంది, వద్దన్నవాడు రేపు తనకు అవసరం వస్తే వరసలో వెనక్కి పోతాడు. అంత చిన్న, అంత కట్టుదిట్టమైన దేశానికి చెల్లింది. ఇక అమెరికాలో ఆప్ట్ అవుట్ లేనే లేదు. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేటప్పుడే కౌంటర్లో అడుగుతారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలందరికీ ఆ ప్రశ్న తెలుసు. దాతల రేటులో స్పెయిన్‌తో సమానంగా నడుస్తున్న దేశం అది.

అంత దూరం ఎందుకు, మన రెండు రాష్ట్రాలే ఉన్నాయి. కేంద్రం 1994లో మానవ అవయవ మార్పిడి చట్టం తెస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో తన సొంత చట్టం చేసుకుంది. చనిపోయినవారి అవయవాల కోసం జీవన్‌దాన్ పథకం హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా 2013లో పని మొదలుపెట్టింది. ఆ ఏడు దాతలు 41 మంది. 2018లో 160. 2023లో తెలంగాణలోనే 252, ఆ ఏడాది దేశంలో మొదటి స్థానం. విభజన తర్వాత ఆంధ్రలో జీవన్‌దాన్ విడిగా నడుస్తోంది. జనాభాలో పెద్ద రాష్ట్రమైనా దాతల సంఖ్య తెలంగాణ దరిదాపుల్లో లేదు. రెండు చోట్లా అడిగి ఒప్పుకుంటేనే తీసుకునే పద్ధతి, చట్టం పుట్టుక ఒకటే. కర్మకాండలూ ఒకటే, శవాన్ని పొద్దు గూకే లోపు ఇంటికి చేర్చాలన్న ఆత్రమూ ఒకటే. తేడా హైదరాబాదు. న్యూరో ఐసీయూలు అక్కడున్నాయి, కోఆర్డినేటర్లు అక్కడున్నారు, మెట్రో రైల్లో గుండెను తరలించగల ఏర్పాటూ అక్కడే ఉంది. ఏటికొప్పాక మనిషికి తలకు దెబ్బ తగిలిన చోటు నుంచి ఆ ఏర్పాటు ఎంత దూరంలో ఉందన్నదే అసలు లెక్క. ఆప్ట్ అవుట్ చట్టం వల్ల ఆ దూరం ఒక్క కిలోమీటరు కూడా తగ్గదు.

ఐసీయూలో జరిగేది ఒకసారి దగ్గరగా చూద్దాం. బ్రెయిన్ డెడ్ అని చెప్పడానికి నలుగురు డాక్టర్ల బోర్డు కావాలి, వాళ్లలో మార్పిడి ఆపరేషన్ చేసేవాళ్లు ఉండకూడదు. కంట్లోకి లైటు వేసి పాప చిన్నదవుతుందేమో చూస్తారు. కంటి గుడ్డును దూదితో తాకుతారు. చెవిలో చల్లని నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. గొంతులోకి గొట్టం పోనిచ్చి దగ్గు వస్తుందేమో చూస్తారు. చివరిది ఊపిరి పరీక్ష: ఆక్సిజన్ అందేలా ఉంచి వెంటిలేటర్ తీసేస్తారు, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతూ ఉంటుంది, బతికున్న మెదడైతే ఊరుకోలేక ఛాతీని కదిలిస్తుంది. కదలకపోతే మళ్లీ వెంటిలేటర్ పెట్టి, కనీసం ఆరు గంటల తర్వాత మొత్తం పరీక్షలు ఇంకోసారి చేస్తారు. రెండుసార్లూ ఏమీ లేకపోతేనే సంతకాలు. ఇంత పకడ్బందీగా చేసేదాన్ని మనవాళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు లేరు. బయట బెంచీ మీద కూర్చున్న తల్లికి కనిపించేది మానిటర్ మీద గుండె గీత. "ఒళ్లు వెచ్చగానే ఉందండీ, గుండె కొట్టుకుంటోంది కదా" అంటుంది. ఆ మాటకు జవాబు చట్టంలో దొరకదు. పక్కన కూర్చుని, ఓపిగ్గా, ఆవిడ మాటల్లోనే చెప్పే మనిషి కావాలి.

అడ్డంకులు ఇంకా ఉన్నాయి. రోడ్డు ప్రమాదం కాబట్టి పోలీసు కేసు, పంచనామా, పోస్టుమార్టం తప్పవు. చీకటి పడితే పోస్టుమార్టం చేయరన్న పాత నిబంధనను కేంద్రం 2021 నవంబరులో సడలించింది, దానం కేసులకు ప్రాధాన్యం ఇమ్మంది. ఆ సంగతి స్టేషన్లో రాసే హెడ్ కానిస్టేబుల్‌కు తెలియాలి కదా. దానానికి ఒప్పుకున్నాక అవయవాలను కాపాడే ఖర్చు దాత ఇంటివాళ్ల మీద వేయకూడదని నిబంధన. అదీ బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఎవరో చెప్పాలి. మన చట్టంలో పెద్ద చిక్కు మరొకటుంది. బ్రెయిన్ డెడ్‌ను చావుగా చూసేది అవయవదానం చట్టమే. కుటుంబం దానానికి ఒప్పుకోకపోతే అదే మనిషికి వెంటిలేటర్ తీయడానికి డాక్టర్లు జంకుతారు, బిల్లు నడుస్తూనే ఉంటుంది. ఇస్తేనే చచ్చిపోయినట్టు, ఇవ్వకపోతే ఇంకా బతికున్నట్టు కనబడే ఏర్పాటు మీద ఎవరికి మాత్రం నమ్మకం కుదురుతుంది?

ఆ నమ్మకం మన దగ్గర ముందే పలచన. 2003లో వచ్చిన 'ఠాగూర్' సినిమాలో, చచ్చిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి డబ్బు గుంజిన ఆసుపత్రి సన్నివేశం ఇప్పటికీ ఊరూరా ఉదాహరణే. 2022లో వచ్చిన 'శేఖర్' ఇంకో అడుగు ముందుకేసి అవయవాల కోసమే మనుషుల్ని చంపే ముఠా కథ చెప్పింది; దానికి మూలం మలయాళం 'జోసెఫ్'. ఒకటి చచ్చినవాణ్ని బతికున్నాడంటారన్న భయం, రెండోది బతికున్నవాణ్ని చచ్చాడంటారన్న భయం. ఇవి ఊరికే పుట్టలేదు. 2023లో విశాఖ శివారు పెందుర్తిలో కిడ్నీ రాకెట్ బయటపడింది, అంతకుముందూ ఆ నగరంలో అలాంటివి వచ్చాయి, 2025 మొదట్లో హైదరాబాదులోనూ వచ్చింది. అవన్నీ బతికున్న పేదవాళ్ల కిడ్నీలు కొన్న కేసులు, జీవన్‌దాన్‌తో ముడిపడినవి కావు. ఆ తేడా పేపరు చదివేవాడికి అందదు. నమ్మకం చెడితే ఎంత వేగంగా పడిపోతుందో కేరళ చూపించింది. 2015లో 76 మంది దాతలున్న రాష్ట్రం, బ్రెయిన్ డెడ్ ధ్రువీకరణ మీద ఆరోపణలు, కేసులు ముసురుకున్నాక 2018కి 8 దగ్గరికి జారింది. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. ఇటువంటి నేల మీద, అడక్కుండానే తీసుకుంటాం అనే చట్టం వస్తే అది 'శేఖర్' రెండో భాగంలా వినబడుతుంది.

ఆప్ట్ అవుట్ వైపు నాకు బలంగా కనిపించే వాదన ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. బిడ్డ పోయిన గంటలో తల్లిదండ్రుల్ని నిర్ణయం చేయమనడం క్రూరం. చట్టమే ఇచ్చినట్టు అంటే, మేం కోయించాం అన్న భారం వాళ్ల మీద ఉండదు, రేపు చుట్టాలు దెప్పిపొడిచినా సమాధానం ఉంటుంది. నిజమే. దినకార్యాల దగ్గర ఒక మేనమామ అనే మాట ఎన్నేళ్లు గుచ్చుకుంటుందో తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. అయితే ఆ భారాన్ని తగ్గించే దారి ఇంకోటి కూడా మన దగ్గరే దొరికింది. 2008లో చెంగల్పట్టు దగ్గర ఒక డాక్టర్ దంపతులు ప్రమాదంలో పోయిన తమ కొడుకు అవయవాలు ఇచ్చారు. తమిళనాడులో దానం మాట ఇంటింటికీ వెళ్లింది అప్పుడే. 2023 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం దాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో చేస్తామని ప్రకటించింది, ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారి పట్టింది. కలెక్టరు పంపిన పూలదండ పడ్డ చోట మేనమామ నోరు లేవదు.

దానం పోస్టర్ల మీద దధీచి బొమ్మ తప్పనిసరి. శిబి, కర్ణుడు కూడా ఉంటారు. వాళ్లలో ప్రతి ఒక్కరి దగ్గరికీ ఎవరో ఒకరు వచ్చి అడిగారు. ఇంద్రుడంతటివాడు చేయి చాచాడు. ఏమీ అనలేదు కాబట్టి ఎముకలు పట్టుకుపోదాం అనుకోలేదు. పోస్టరు వేసినవాళ్లకు ఇది తట్టకపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఇక మౌనం ఎవరిదన్న ప్రశ్న. లేత్ ముందు కూర్చుని, తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ అదిమి, ఆ రాపిడి వేడికి కరిగిన రంగును మొగలి ఆకుతో మెరుపు తేలుస్తున్న మనిషి, రేపు ఆప్ట్ అవుట్ వచ్చాక రాష్ట్ర ప్రభుత్వ రిజిస్టరులో వద్దు అని రాయించుకోలేదంటే దానర్థం ఏమిటి? ఆ రిజిస్టరు ఉందన్న సంగతే ఆయనకు చేరకపోవచ్చు. చదువుకున్నవాడు, ఫోనులో ఆధార్ ఓటీపీ కొట్టడం వచ్చినవాడు పది నిమిషాల్లో తప్పుకుంటాడు. మిగిలేది ఎవరో వేరే చెప్పాలా? ఇచ్చేవాళ్లు టూవీలర్ మీద పనికి పోయేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు లక్షలు పెట్టగలవాళ్లు అన్న కినుక ఇప్పటికే లోలోపల ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మార్పిడులు పెరిగితే తప్ప అది పోదు.

ఊహించుకున్న సమ్మతి మన దగ్గర కొత్తేమీ కాదు, రెండు చోట్ల ఇప్పటికే నడుస్తోంది. ఒకటి ఇంట్లో. 2019 నుంచి 2023 దాకా దేశంలో బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లు 56,509 మంది అయితే, అందులో 36,038 మంది ఆడవాళ్లు. పుచ్చుకున్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. భర్తకో కొడుక్కో కిడ్నీ కావాలంటే ఆవిడను విడిగా అడిగేదెవరు? ఆవిడ ఎలాగూ ఇస్తుందని ఇల్లంతా అనుకుంటుంది. 2025 ఆగస్టులో కేంద్ర అవయవ మార్పిడి సంస్థ నోట్టో, వెయిటింగ్ లిస్టులో ఆడవాళ్లకు, చనిపోయి దానం చేసినవారి బంధువులకు ప్రాధాన్యం ఇవ్వమని రాష్ట్రాలకు సూచించింది. ఆలస్యంగానైనా మంచి మాట. రెండో చోటు చట్టంలోనే ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

కళ్ల సంగతి చూస్తే అడగడం ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. కార్నియాకు వెంటిలేటర్ అక్కర్లేదు, ఇంట్లో పోయినా ఇవ్వొచ్చు, ఆరు గంటల లోపు తీస్తే చాలు. ఏటికొప్పాకలో ఇవాళ ఎవరైనా ఇవ్వగలిగిన దానం ఇదొక్కటే అనొచ్చు. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థ ఏళ్లుగా చేస్తున్న పని ఒకటుంది. పెద్ద ఆసుపత్రుల్లో కౌన్సెలర్లను పెట్టింది. మరణం జరగ్గానే వాళ్లు కుటుంబం దగ్గరికి వెళ్లి, ముందు వాళ్ల దుఃఖం విని, ఆ తర్వాత కళ్ల మాట ఎత్తుతారు. ముందుగా ప్రతిజ్ఞా పత్రాలు రాసినవాళ్ల కంటే, ఇలా అప్పటికప్పుడు అడిగితే ఒప్పుకున్నవాళ్ల నుంచే కార్నియాలు ఎక్కువగా వస్తాయి. విశాఖలో వాళ్ల కేంద్రం, మొహ్సిన్ ఐ బ్యాంక్ ఉన్నాయి. ఆ సంస్థ చేసిన కార్నియా మార్పిడులు యాభై వేలు దాటాయి. ఇదంతా 'తెలుగువాళ్లు ఇచ్చే రకం కాదు' అనుకునే నేల మీద, అడిగి తెచ్చుకున్నది.

కనుక నా వోటు ఆప్ట్ అవుట్‌కు లేదు, ఇప్పట్లో. కేజీహెచ్‌లో, అనకాపల్లి జిల్లా ఆసుపత్రిలో రాత్రీ పగలూ ఉండే కోఆర్డినేటర్లు ముందు కావాలి. మార్పిడి చేయలేకపోయినా అవయవాలు సేకరించి పంపగల ఆసుపత్రులకు కేంద్ర చట్టం 2011 సవరణలో చోటిచ్చింది. ఐసీయూలో ఉన్నవారి బంధువులను తప్పనిసరిగా అడగాలన్న నిబంధన కూడా ఆ సవరణలోదే. సొంత చట్టాలున్న మన రాష్ట్రాలకు అవి నేరుగా వర్తించలేదు. తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో ఆ చట్టాన్ని స్వీకరిస్తూ తీర్మానం చేసింది. దానం ఉన్నా లేకపోయినా బ్రెయిన్ డెడ్ అయిన ప్రతి కేసునూ ధ్రువీకరించి, లెక్క బయటపెట్టాలి. ఇక రాసిచ్చే పని: కేంద్ర చట్టం ప్రకారం ప్రతిజ్ఞ మీద ఇద్దరు సాక్షులు, అందులో ఒకరు దగ్గరి బంధువు ఉండాలి. ఆ ఒక్క నిబంధన చాలు, సంతకం చేయాలంటే ఇంట్లో మాట ఎత్తక తప్పదు. గ్రామ సచివాలయం ఊళ్లోనే ఉంది. పింఛను, బియ్యం కార్డు పనుల మీద వచ్చినవాళ్లను అడిగి, ఇస్తాను అన్నా వద్దు అన్నా తెలియదు అన్నా మూడూ రాసుకోవచ్చు.

చట్టంలో ఉందన్న రెండో చోటు ఇది. కేంద్ర చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఆసుపత్రిలోనో జైల్లోనో పోయిన మనిషి శవం కోసం 48 గంటల్లో బంధువులెవరూ రాకపోతే, అవయవాలు తీయడానికి అక్కడి అధికారే అనుమతి ఇవ్వొచ్చు. రెండు రోజులు గడిచాక గుండె, కిడ్నీలే కాదు, కార్నియా కూడా పనికిరాదు కాబట్టి ఆ సెక్షన్ వల్ల ఒరిగింది శూన్యం. అయినా ముప్ఫై ఏళ్లుగా అలాగే ఉంది. ఈ దేశంలో అడక్కుండా తీసుకోవచ్చని చట్టం ముందుగా ఎవరి విషయంలో అనుకుందో అది చెబుతోంది: దిక్కులేనివాడు, ఖైదీ. ఆప్ట్ అవుట్ బిల్లు తెస్తామనేవాళ్లు ఆ సెక్షన్‌ను కొట్టేస్తారో ఉంచుతారో ముందు చెప్పాలి.